చివరి బెంచి గాలి

నవంబరు 10, సోమవారం

స్టడీ అవర్లో హెప్సిబా మళ్ళీ దగ్గుతూ బెంచి మీద వాలిపోయింది. మా పదో తరగతిలో తనే అందరికన్నా పొడుగు, అందుకే చివరి బెంచి. లెక్కల రామమూర్తి సార్, ఏమ్మా, పుస్తకం తీస్తేనే దగ్గొస్తుందా నీకు అన్నారు. అందరూ నవ్వారు. అటెండెన్స్ తగ్గితే పబ్లిక్ పరీక్షకు పంపనని కూడా అన్నారు.

నవంబరు 16, ఆదివారం

నాన్నతో హెప్సిబా వాళ్ళ ఊరు ఎ.కొండూరు వెళ్ళాను. చర్చిలో క్రిస్మస్ పాటల ప్రాక్టీసు. మైకులో హెప్సిబా! గొంతెత్తి పాడుతోంది. ఒక్క దగ్గు లేదు.

అంటే మా దగ్గర నటిస్తోందా?

నవంబరు 17, సోమవారం

అడిగేశాను. ఏడ్చింది. స్కూల్లోనే ఇలా అవుతుందే, ఇంటికెళ్తే తగ్గిపోతుంది, మా అమ్మ కూడా నమ్మట్లేదు అంది. కావాలంటే నా చోట్లో కూర్చుని చూడు అంది.

నవంబరు 18, మంగళవారం, సాయంత్రం 6

తను రాలేదు. తన చోట్లో కూర్చున్నాను.

బెంచి కింద దోమల కాయిల్స్. డెంగ్యూ భయంతో సారే వెలిగించి పెడతారు. పక్కన కిటికీ ఉంది, ఉన్నా లేనట్టే. పోయిన మార్చిలో మా స్కూల్లో పరీక్షల సెంటర్ పడింది. బయటి నుంచి స్లిప్పులు అందిస్తున్నారని కిటికీలన్నిటికీ ప్లైవుడ్ పెట్టి మేకులు కొట్టేశారు. మళ్ళీ తీయలేదు. పొగ పోయే దారే లేదు.

కళ్ళు మండాయి. తల దిమ్మెక్కింది. ఉక్కిరిబిక్కిరి. ఎంతో ఇష్టంగా వ్యాసాల్లో రాసేదాన్ని ఈ మాట, అర్థం తెలియకుండానే.

ఇంకొకటి గమనించాను. సార్ కుర్చీ గుమ్మం బయట వేసుకుంటారు. ఎందుకు?

నవంబరు 20, గురువారం

కిటికీలు తీయించమని సార్‌ని అడిగాను. మార్చిలో మళ్ళీ కొట్టాల్సిందేగా, ఈలోపు తీయడమెందుకమ్మా అన్నారు. మరి కాయిల్స్ అంటే, దోమలేమన్నా నీకు చుట్టాలా అన్నారు. మీరు బయటెందుకు కూర్చుంటారు సార్ అన్నాను.

ఆ పొగ నాకు పడదమ్మా అన్నారు.

నవంబరు 21, శుక్రవారం

హెప్సిబా వచ్చింది. స్టడీ అవర్‌కి ఉండొద్దే అన్నాను. అటెండెన్స్ పోతుంది అంది.

స్టడీ అవర్లో తనకు ఊపిరి అందక పెదాలు నల్లబడ్డాయి. సారే ఆటో పిలిచి ఇద్దర్నీ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వాళ్ళమ్మ పొలం నుంచి అలాగే పరిగెత్తుకొచ్చింది. నాటకాలాడుతోంది అనుకున్నానమ్మా అని నర్సు చేతులు పట్టుకుని ఏడ్చింది.

నవంబరు 24, సోమవారం

కిటికీలు అలాగే ఉన్నాయి, బెంచి కింద కాయిల్సూ అలాగే.

హెప్సిబా ఫోన్ చేసింది. నా చోట్లో ఎవరైనా కూర్చుంటున్నారా అని అడిగింది. ఎవర్నీ కూర్చోనివ్వడం లేదన్నాను.

తన కోసమే అనుకుంది. సంతోషపడింది.