నా దమ్ముకి తగ్గది

మార్చి 4, మంగళవారం

వార్డులో రెండో రోజు. ఆరో బెడ్ ముసలాయనకి ఊపిరితిత్తులు పాడైపోయాయి, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. బీపీ చూద్దామని వంగాను. కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చాడు. ఇప్పుడే తాగొచ్చావు కదూ, అన్నాడు ఇంగ్లీషులో, మెల్లగా. లేదనబోయాను. పరవాలేదు, ఇంకాసేపు ఇక్కడే నిలబడు... ఆ వాసన తగిలి ఎన్నాళ్ళయిందో.

నిలబడ్డాను. మింట్ బిళ్ళలు మూడు నమిలి, చేతులు రెండుసార్లు కడుక్కుని వచ్చిన దాన్ని. నర్సు కాబోయేదాన్ని. ఊపిరాడని మనిషికి సిగరెట్ వాసన చూపిస్తూ నిలబడ్డాను.

మానేయాలి. ఈ మాట ఈ డైరీలో ఎన్నోసారో వెనక్కి తిప్పి చూడదలచుకోలేదు.

మార్చి 5, బుధవారం

మధ్యాహ్నం లోపు ఐదు. డాక్టర్ అపాయింట్‌మెంట్ వచ్చే వారానికి గానీ దొరకలేదు.

మార్చి 8, శనివారం

రవితేజ మాటలు వినడం నాదే తప్పు. క్లాసులో పక్క సీటువాడు, వరంగల్ మనిషి, అన్నీ తెలుసు. యూనివర్సిటీ కార్ పార్కులో తన వేప్, అదే బ్యాటరీ సిగరెట్, నా చేతిలో పెట్టాడు. అది ఇటుక. స్క్రీను, రెండు బ్యాటరీలు, పవర్ పెంచడానికీ తగ్గించడానికీ మీటలు.

"ఒక్క దమ్ము గుంజి సూడు. మళ్ళ సిగరెట్ యాదికి రాదు నీకు."

అందులో ఉన్న లిక్విడ్ చప్పగా ఉంటుందన్నాడు. ఘాటుగా కావాలన్నాను. వాడి బ్యాగులోనే మూలనున్న సీసాలోంచి వేరేది పోశాడు. సిగరెట్‌లాగే పీల్చాను. పొగ నోట్లో ఆగలేదు, నేరుగా ఛాతీలోకి దిగింది. దగ్గు, కళ్ళు తిరగడం, కారు బానెట్ పట్టుకుని కింద కూర్చోవడం, పొద్దున తిన్న ఇడ్లీ బయటికి రావడం. నా నోట్లోంచి వచ్చిన మేఘం రెండు కార్లు దాటి పోయింది. సెక్యూరిటీ ఆయన ఇటు చూస్తున్నాడు.

"గంత గట్టి లిక్విడ్‌కు గీ పెద్ద మిషిన్ సెట్ కాదు మరి. దీనికి సప్పటిదే పోయాలె" అంటాడు, అప్పుడు.

పోసిందెవరు?

మార్చి 9, ఆదివారం

చర్చిలో విజయ ఆంటీ కొత్తగా వచ్చినవాళ్ళకి నన్ను చూపిస్తోంది. "మా ఇంట్లోనే ఉంటదండి. నరసాపురం అమ్మాయి. మా షారన్‌కి సొంత అక్కలాగేనండి. ఇది ఈమెని చూసి నేర్చుకోవాలనే నా ఆశ." షారన్ పద్నాలుగేళ్ళది, కళ్ళు పైకి తిప్పింది.

పాటలో పై స్వరం అందలేదు. ఇంటికొచ్చాక ఆంటీ మిరియాల పాలు కాచి ఇచ్చింది. "గొంతు పట్టేసినట్టుంది, వేడివేడిగా తాగేయమ్మా." తాగాను. చిరాకు. ఆంటీ మీద కాదు.

షారన్ నా పక్క నుంచి వెళ్తూ — "యూ ఆల్వేస్ స్మెల్ లైక్ మింట్, అక్కా. లైక్, టూ మచ్ మింట్."

మార్చి 12, బుధవారం

డాక్టర్ దగ్గర అరగంట. నికోటిన్ ప్యాచ్ వేస్తే భుజమంతా దద్దుర్లు వచ్చాయని చెప్పాను. గమ్ నమిలితే ఎక్కిళ్ళు అని చెప్పాను. మాత్రలు ఒకసారి సగంలో ఆపేశానని కూడా చెప్పాను, తల దించుకుని. సరే, వేప్‌కి చీటీ రాస్తాను, ఫార్మసీలో మాత్రమే తీసుకో, అన్నాడు. ఇది మంచిదని ఇవ్వడం లేదు, సిగరెట్ కంటే తక్కువ చెడ్డదని ఇస్తున్నాను, తర్వాత ఇదీ మానాలి.

పోయిన సెమిస్టర్ పరీక్షలో ఇదే జవాబు నేనే రాశాను. మార్కులు కూడా బాగానే వచ్చాయి.

మార్చి 13, గురువారం

ఫార్మసీ. కౌంటర్‌లో ఉన్నది నా ఈడు అమ్మాయి, గొంతు మాత్రం మైకులాంటిది. నా వెనక వరసలో ఎవరో ఫోనులో తెలుగులో మాట్లాడుతున్నారు. మేముండే హారిస్‌డేల్‌లో తెలుగు వినపడని వరస ఎక్కడుంది. తిరిగి చూడలేదు.

ఏదో ఒక చిన్నది ఇవ్వండి, అన్నాను.

ఎలా తాగుతావు, అంది.

రోజుకి పది, పన్నెండు...

ఎన్ని అని కాదు, ఎలా. పొగ ముందు నోట్లో నింపుకుని తర్వాత లోపలికి తీస్తావా? పొట్టి దమ్ములా, పొడుగువా? నిద్ర లేచాక ఎంతసేపటికి మొదటిది? పనిలో మధ్యమధ్య రెండు దమ్ములు లాగి ఆర్పేస్తావా, ఒకేచోట కూర్చుని మొత్తం కాలుస్తావా?

ఆరేళ్ళ నుంచి తాగుతున్నాను. ఒక్కదానికీ జవాబు తెలియదు. ఎలా తాగుతారు — మనుషులు తాగినట్టే తాగుతారు.

సిగరెట్‌లా ముందు నోట్లో నింపుకునేవాళ్ళకి తక్కువ పవర్ ఉన్నది చాలట. చిన్న బ్యాటరీ, గాలి బిగువుగా వచ్చేది. పెద్ద మేఘాల మిషన్లు నీకు పనికిరావు, అంది. అది నాకు శనివారమే తెలిసింది.

రెండు రకాలు చూపించింది. ఇవాళ కొనొద్దు, నాలుగు రోజులు గమనించి రాసుకుని రా అంది. కొనడానికి వచ్చినదాన్ని హోంవర్క్ ఇచ్చి పంపింది.

మార్చి 14, శుక్రవారం

లేచిన పది నిమిషాలకి మొదటిది. వెనక ఫెన్స్ దగ్గర, బట్టలు ఆరేసే నెపంతో. ఆరేయడానికి తెచ్చింది ఒక్క సాక్సు జత.

మార్చి 15, శనివారం

లెక్క కోసం చూస్తే తెలిసింది — నేను సగం సిగరెట్లు కారులోనే తాగుతున్నాను. ఇంటికి రెండు వీధుల ముందు పార్కు పక్కన ఆపి. నాలుగైదు దమ్ములు, గబగబా, ఎవరో తరుముతున్నట్టు. రుచి తెలియదు. ఇక్కడికి రాకముందు హాస్టల్ టెర్రస్ మీద వార్డెన్ వచ్చేలోపు అయిపోగొట్టడం అలవాటు. ఇక్కడ వార్డెన్ లేదు. అయినా అలాగే.

మార్చి 17, సోమవారం

కాగితం చూపించాను. ఫార్మసీ అమ్మాయి చదివి, దాచుకుని తాగేవాళ్ళు చాలామంది ఇలాగే, అంది మామూలుగా. దాచుకుని అని నేను రాయలేదు.

రెండింట్లో ఒకటి తీసుకున్నాను. మనమే నింపుకునే రకం. మింట్ లేదా పొగాకు, అంతకు మించి రుచులు లేవు. పొగాకు.

మార్చి 19, బుధవారం

యూనిఫాం జేబులో కారింది. తెల్ల చొక్కా మీద పసుపు మరక, రొమ్ము పక్కనే. సిస్టర్ ఏమిటది అంది. దగ్గు మందు అన్నాను. అబద్ధాలు మాత్రం తడుముకోకుండా వస్తాయి.

గాలి కూడా మరీ వదులు. స్ట్రా చిల్లుపడితే కూల్‌డ్రింక్ పీల్చినట్టు. గట్టిగా లాగితే చేదు చుక్కలు నాలుక మీద పడుతున్నాయి. నాలుగో దమ్ముకి మాడిన దూది రుచి. విసుగొచ్చి కారు డాష్‌బోర్డులోంచి పాత పెట్టె తీశాను. రెండు కాల్చాను.

మార్చి 20, గురువారం

అది పరికరం తప్పు సగం, నీ తప్పు సగం, అంది ఫార్మసీ అమ్మాయి. తడి ఊరే లోపు మళ్ళీ మళ్ళీ లాగితే లోపలి దూది మాడుతుంది. మెల్లగా లాగాలి. ఆగాలి. మళ్ళీ లాగాలి. నింపే ఓపిక లేకపోతే నింపి వచ్చే చిన్న డబ్బీ, పాడ్ అంటారు, అది ఉన్నది తీసుకో. బటన్ లేనిది, పీలిస్తే తనే వెలిగేది. గాలి బిగువు.

ఆగడం నా అలవాటు కాదు, అన్నాను. అయితే పరికరం మార్చి లాభం లేదు, అంది. నవ్వుతూనే. నాకు నవ్వు రాలేదు. తీసుకున్నాను.

మార్చి 22, శనివారం

పెన్ను మూతంత బరువు. పెదాలకి బల్లపరుపుగా ఆనుతుంది. బిగువు సరిపోయింది — నోట్లో నిండి, ఆగి, అప్పుడు దిగుతుంది. గొంతులో చిన్న తాకిడి. పార్కు పక్కన కారాపి, ఒకటి లాగి, కిటికీలోంచి బాతుల్ని చూసి, ఇంకొకటి. ఎవరూ తరమలేదు.

ఇవాళ సిగరెట్లు మూడు.

మార్చి 25, మంగళవారం

ఒకటి.

మార్చి 28, శుక్రవారం

సున్నా. మూడు రోజులుగా సున్నా. బ్యాటరీ ఒక షిఫ్టుకి సరిగ్గా సరిపోతుంది, అంతకన్నా రాదు. చార్జింగ్ ఒక తలనొప్పి. నా గదిలో ఉన్న ఒక్క ప్లగ్గుకీ ల్యాప్‌టాప్. అయినా ఫిర్యాదు లేదు... రాయకూడదు, రాస్తే దిష్టి.

ఏప్రిల్ 1, మంగళవారం

రాత వంకరగా వస్తోంది.

పొద్దున వేప్ బాత్‌రూములో ప్లగ్గుకి చార్జింగ్ పెట్టి స్నానం చేశాను. అలాగే వదిలేసి షిఫ్టుకి వెళ్ళిపోయాను. ఆ బాత్‌రూము నాదీ షారన్‌దీ.

సాయంత్రం వచ్చేసరికి డైనింగ్ టేబుల్ మీద అది. చుట్టూ ముగ్గురు. పోయిన వారమే స్కూలు నుంచి తల్లిదండ్రులకి లెటర్ వచ్చిందట, పిల్లలు వేప్ చేస్తున్నారు జాగ్రత్త అని. ఆంటీ ఏడుస్తోంది. ప్రసాద్ అంకుల్ షారన్ ఫోను చేతిలో పట్టుకుని — "పాస్‌వర్డ్ చెప్పు ముందు."

"ఇట్స్ నాట్ మైన్."

"నీది కాకపోతే మరెవరిదే? నాదా? మీ డాడీదా?" అంది ఆంటీ.

నా పేరు ఎవరూ అనలేదు. ఆంటీకి ఆ ఆలోచనే రాలేదు. నా వైపు తిరిగి "చూడు ప్రశాంతీ, నువ్వయినా చెప్పమ్మా దీనికి, ఊపిరితిత్తులు ఏమవుతాయో. నీ మాటైతే వింటది" అంది.

షారన్ నన్ను చూసింది. చూస్తూనే ఉంది.

తలనొప్పిగా ఉంది ఆంటీ, అన్నాను. గదిలోకి వచ్చేశాను.

ఏప్రిల్ 2, బుధవారం

లేచేసరికి వంటింట్లో చప్పుడు. షారన్ స్కూలు బ్యాగు బల్ల మీద బోర్లించారు. పుస్తకాలు, నెట్‌బాల్ ఆటలో వేసుకునే బిబ్బు, ఒక చిన్న గుడ్డ సంచీ. ఆంటీ ఆ సంచీ జిప్పు లాగింది. లోపల శానిటరీ ప్యాడ్లు. అంకుల్ కిటికీ వైపు తిరిగాడు. షారన్ ముఖం ఎర్రబడి, గడ్డం వణికి...

"అది నాదండీ."

నా గొంతే. మొదటిసారి ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అన్నాను. "ఆ వేప్ నాదండి ఆంటీ. సిగరెట్లు మానడానికి. డాక్టర్ రాసిచ్చాడు. షారన్‌కి ఏం సంబంధం లేదండి."

ఆంటీ చేతిలో సంచీ అలాగే ఉంది. "సిగరెట్లా" అంది. "నువ్వా."

"ఆరేళ్ళ నుంచండి."

"మరి నిన్న ఎందుకు చెప్పలేదమ్మా?"

 

షారన్ పుస్తకాలు ఒక్కొక్కటీ బ్యాగులో పెట్టుకుంది. ఎవరి సాయం తీసుకోలేదు. గుమ్మం దగ్గర ఆగి నాతో అంది, గొంతు పెంచకుండా — "ఐ న్యూ ఇట్ వాజ్ యువర్స్. ఐ వాజ్ వెయిటింగ్ ఫర్ యూ టు సే ఇట్."

అక్కా అనలేదు.

ఏప్రిల్ 3, గురువారం

ఆంటీ అన్నం పెట్టింది, మాట్లాడలేదు. అంకుల్ మాట్లాడాడు, కార్ కడుగుతూ, నా వైపు చూడకుండా. "తాగడం సంగతి నీ ఇష్టం, నీకు ఇరవై ఐదేళ్ళు. మా పిల్లని దొంగని చేశాం, అదీ సంగతి. గది విషయం ఆదివారం చర్చి అయ్యాక ఆంటీ నేనూ కూర్చుని ఆలోచించుకుంటాం."

సరేనండి.

వేప్ చెత్త బిన్నులో పడేశారట. బిన్ను వాళ్ళు పొద్దునే తీసుకెళ్ళిపోయారు. వార్డు నుంచి వస్తూ పెట్రోలు పోసే సర్వీస్ స్టేషన్ ముందు కారు ఆపాను. ఇంజన్ ఆపలేదు. లోపలికి వెళ్తే సిగరెట్లు ఉంటాయి. మూడు వీధుల అవతల ఫార్మసీలో ఆ మైకు గొంతు ఉంటుంది, ఏమైంది అని అడుగుతుంది, మళ్ళీ చెప్పాలి.

ఫార్మసీకే వెళ్ళాను. పోయింది, అన్నాను. అంతకు మించి అడగకుండా ఇంకొకటి ఇచ్చింది.

సున్నా. దీనికి సంతోషించే ఓపిక లేదు.

ఏప్రిల్ 4, శుక్రవారం

రవితేజ మెసేజ్. వాళ్ళ ఇంట్లో ఒక గది ఖాళీ అవుతుందట, ముగ్గురు మగపిల్లలు, ఒక బాత్‌రూము. "ఆలోచించుకో." అందరూ ఆలోచించుకోవడమే.

షారన్ గది తలుపు తట్టాను. సారీ అన్నాను తలుపుతో. లోపల పాట సౌండ్ పెరిగింది.

ఏప్రిల్ 5, శనివారం

ఆంటీకి పక్కనున్న పియారా వాటర్స్‌లో ఎవరింట్లోనో ప్రార్థన. అంకుల్ డ్యూటీ. నా గుమ్మం దగ్గరికొచ్చి, గోడని చూస్తూ, "నెట్‌బాల్ నుంచి షారన్‌ని తీసుకురాగలవా" అంది ఆంటీ. మూడు రోజుల్లో నాతో అన్న మొదటి మాట. నమ్మకమో, వేరే దారి లేకో తెలియదు. వస్తానండి అన్నాను, వెళ్తానండి అనబోయి.

వాన. నెట్‌బాల్ కోర్టు పక్కన కారులో అరగంట కూర్చున్నాను. జేబులోది బయటికి తీయలేదు. కారులో వాసన లేకుండా కిటికీలన్నీ దించి మళ్ళీ ఎక్కించాను, సీట్లు తడిశాయి. వాళ్ళ టీము ఓడిపోయింది. షారన్ ఇద్దరు స్నేహితురాళ్ళతో గేటు దాకా వచ్చి, నా కారు చూసి ఆగింది. వాళ్ళేదో అడిగారు. షారన్ ఏం చెప్పిందో వినపడలేదు.

ముందు తలుపు తీసి పట్టుకున్నాను లోపల నుంచే. అటు చూడకుండా వెనక ఎక్కి కూర్చుంది, నా వెనక సీట్లోనే, అద్దంలో కూడా కనపడకుండా. బెల్ట్ పెట్టుకున్న చప్పుడు. ముందు తలుపు తెరిచే ఉంది, వాన లోపలికి కొడుతోంది. వంగి మూశాను.

ఇంటి దాకా పదకొండు నిమిషాలు.   పార్కు దాటాక వెనక ఒక్కసారి షారన్ గొంతు సవరించుకున్న చప్పుడైంది... ఏదో అంటుందని కారు నెమ్మది చేశాను.