ఆగితేనే వినపడే మోత

హైదరాబాదు,
ఆదివారం.

నాన్నగారికి మీ దుర్గ నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. తింటున్నాను, నిద్రపోతున్నాను, బెంగ పెట్టుకోకండి. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? కైకలూరు డాక్టరు రాసిన మాత్రలు మళ్ళీ తెచ్చారా, లేక తగ్గిందిలే అని మానేసిందా? మానేసే ఉంటుంది. మీరైనా చెప్పండి, నా మాట వినదు.

ఉత్తరం ఎందుకంటే, ఫోనులో మనకి కుదరడం లేదు. మీరు రొయ్యల చెరువు గట్టు మీద, నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్ల మోతలో అరుస్తారు, నేను హాస్టల్లో అరుస్తాను, పక్క మంచాల వాళ్ళు మనం పోట్లాడుకుంటున్నామనుకుంటున్నారు. మొన్న మీరన్నదాంట్లో నాకు అందింది ఒక్కటే. మేత కొట్టాయనకి మాట ఇచ్చేశాను, బిల్లులు రాసే పని, వచ్చెయ్యమ్మా అని. నన్నడగకుండా మాట ఎలా ఇచ్చారు? నాకు కోపంగా ఉంది, కోపంగానే రాస్తున్నాను. అయినా చివరిదాకా చదవండి.

"వాయించేవాళ్ళు వాయిస్తారు, పాడేవాళ్ళు పాడతారు, మధ్యలో నీకేం పనమ్మా?" అన్నారు, నన్ను ఏలూరు స్టేషన్లో రైలెక్కిస్తూ. అప్పుడు నాకే సరిగ్గా తెలీదు. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్న ముక్కలే. ఇప్పుడు చెప్తాను. పాటలో గొంతు, తబలా, వేణువు అన్నీ విడివిడిగా రికార్డు చేస్తారు. అన్నీ ఒకేసారి మోగిస్తే మన ఫోను మాటల్లాగే ఉంటుంది. గొంతు వినపడలేదని గొంతు పెంచితే తబలా పోతుంది. తబలా పెంచితే వేణువు పోతుంది. పెంచుకుంటూ పోవడం తెలివితక్కువ పని. గొంతుకి అడ్డొచ్చేదాన్ని, అడ్డొచ్చిన చోట మాత్రమే, కాస్త తగ్గించాలి. అదండీ మిక్సింగ్. ఆ తర్వాత మాస్టరింగ్. అది చెరువులో రొయ్యల పట్టుబడి అయ్యాక ఐసు పెట్టెలు కట్టడం లాంటిది. ఫోనులో విన్నా, ఆటోలో విన్నా, గుడి మైకులో విన్నా పాట చెడకుండా చేరాలి. పాడైన రొయ్య మీద ఎంత ఐసు పోస్తే ఏం లాభం? మిక్సింగ్‌లో వదిలేసిన తప్పు మాస్టరింగ్‌లో ఇంకా గట్టిగా వినపడుతుంది.

నాకు అదే జరిగింది.

ఇక్కడ స్టూడియోలో నాకు పని నేర్పేది ఖాదర్ గారు. మన ఏలూరు వారే, వాళ్ళ నాన్నగారు హార్మోనియాలు బాగుచేసేవారట. వచ్చిన దగ్గర్నుంచి నా చేత వైర్లు చుట్టించి, మైకులు మోయించి, పోయిన నెల ఒక పాట చేతిలో పెట్టారు. ద్వారకా తిరుమల కొండ కింద కొట్లలో వేయడానికి ఏలూరు బట్టల షావుకారు ఒకాయన చేయించుకున్న వెంకన్న పాట. మిక్సింగూ నేనే, మాస్టరింగూ నేనే. బ్రహ్మాండంగా వచ్చిందనుకుని పంపేశాను. మర్నాడే షావుకారు గారి ఫోను. ఖాదర్ గారు అందరికీ వినపడేలా స్పీకర్లో పెట్టారు.

"ఏవండీ, పాట బాగుందండీ. కానీ వెనకాల తుమ్మెద తిరుగుతోందేంటండీ? మా కొట్లో వాళ్ళు ట్యూబులైటు పాడైందేమోనని విప్పి కూడా చూశారండీ."

గదిలో అందరూ నవ్వారు. పాట పెట్టుకుని విన్నాను. తుమ్మెద లేదు. మళ్ళీ విన్నాను, లేదు. అందరికీ వినపడుతోంది, నాకు తప్ప. కీబోర్డు వైరుకి ఎర్తు సరిగ్గా లేక పాట పొడుగునా మోత పడిందట. ఖాదర్ గారు కోప్పడలేదు. అదే నాకు మంట.

"ఏరియేటర్ల పక్కన పెరిగావు కదమ్మా, నీ చెవి ఆ మోతని ఎప్పుడో వదిలేసింది" అన్నారు మెల్లగా. "మళ్ళీ చెయ్యి. ఈసారి నేను ముందు వినను, నేరుగా ఆయనకే పంపేస్తాను. తుమ్మెద ఇంకా ఉందన్నారనుకో, వైర్లే చుట్టుకుందువుగాని."

ఆ వారం అన్నం సయించలేదని చెప్పను. కోపానికి ఇంకా ఎక్కువ తిన్నాను, హాస్టల్ పప్పులో పులుపన్నదే లేకపోయినా. ఒకడు నాకు 'చెరువు చెవి' అని పేరు పెట్టాడు. వాడి పేరు రాస్తే ఉత్తరం పాడవుతుంది. ఎన్నిసార్లు విన్నా ఆ మోత నాకు చిక్కలేదు.

గురువారం మధ్యాహ్నం కరెంటు పోయింది. కంప్యూటర్లకి బ్యాటరీ ఉంది, ఏసీ మోత మాత్రం ఆగింది. నేను కుర్చీలోంచి లేచి తలుపు దాకా పరుగెత్తాను.

"ఎక్కడికమ్మా?" అన్నారు ఖాదర్ గారు.

"జనరేటర్ వేయడానికండీ."

"మనకి జనరేటరే లేదు కదా?"

మళ్ళీ నవ్వులు. నవ్వుకోనీ. నాకు అప్పుడే వెలిగింది. మీకు తెలుసు కదా నాన్నగారూ, మన షెడ్డులో ఆ మోతలోనే హాయిగా నిద్రపోతాం. అది ఆగిందంటే గాలందక రొయ్యలు చచ్చి తేలిపోతాయని ఉలిక్కిపడి లేస్తాం. జనరేటర్ వేయడానికి మీరు చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తేవారు, మీ వెనక నేను. మోత ఉంటే నాకు వినపడదు. ఆగితే వినపడుతుంది.

అయితే ఆపి చూడాలి. ఒక్క స్థాయి శబ్దాన్ని మాత్రమే సన్నగా కోసేసే మీట ఒకటి కంప్యూటర్లో ఉంటుంది. దాన్ని అడుగు నుంచి కొద్దికొద్దిగా పైకి జరుపుతూ, ప్రతిచోటా వేస్తూ తీస్తూ విన్నాను. ఒకచోట వేసేసరికి మోత ఆగింది, కుర్చీలోంచి మళ్ళీ లేవబోయాను. దొరికింది తుమ్మెద. దాని పై స్థాయిల్లో అదే మోత పిల్లలు కూడా దొరికాయి. గొంతుకి దెబ్బ తగలకుండా అన్నిటినీ కోశాను. కీబోర్డు వైరు కూడా మార్చేశాను.

నిన్న షావుకారు గారు ఫోను చేశారు. "తుమ్మెద ఎగిరిపోయిందండీ" అన్నారు. ఖాదర్ గారు ఇంకో పాట నా కంప్యూటర్లో వేసి, కింద పడున్న వైర్లు తానే చుట్టుకోవడం మొదలుపెట్టారు.

కాబట్టి నేను రాను. మేత కొట్టాయనకి మీరే చెప్పండి, మా అమ్మాయికి పనుందని. ఏం పనని అడిగితే, వింటుందని చెప్పండి. ఇక్కడా అందరూ పాడతావా అనే అడుగుతారు. పాడను. వింటాను.

ఎవరైనా ఇటు వస్తుంటే అమ్మ చేత ఎండు రొయ్యల పొడి చేయించి పంపండి, కారం తగ్గించొద్దు. నా గురించి దిగులు వద్దు, నిజంగా బాగున్నాను. నాన్నమ్మ కాళ్ళకి నా బదులు మీరు దణ్ణం పెట్టండి. మీ చేత మాట తప్పించినందుకు నన్ను తిట్టుకున్నా సరే, తిట్టాక దీవించండి.

మీ అమ్మాయి,
దుర్గ

తా.క. ఇకమీదట నాకోసం అరవకండి. ఏరియేటర్లు తిరుగుతుండగానే, గట్టు మీదే నిలబడి, మామూలుగా మాట్లాడి రికార్డు చేసి పంపండి. అందులోంచి మీ గొంతు తీసుకోవడం నా పని. మీరు అరవకుండా మాట్లాడితే ఎలా ఉంటుందో నేనింతవరకు సరిగ్గా వినలేదు.