పది లెక్కపెట్టండి సార్

అక్కా,

ముందు కూర్చుని చదువు. నాకు గవర్నమెంటు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పర్మనెంటు ఉద్యోగం వచ్చేసింది! ప్రైవేటు క్లినిక్‌ వాళ్ళు ఇస్తామన్న జీతం ఎక్కువే గానీ, అక్కడ పదేళ్ళయినా అదే స్టూలు. ఇక్కడ ప్రమోషన్లున్నాయే!

ఇంటర్వ్యూలో పెద్ద డాక్టరుగారు మెడ తిప్పలేక మనిషంతా తిరిగి ప్రశ్నలడుగుతున్నారు. నా చేతులు ఊరుకుంటాయా? లేచి వెళ్ళి మెడ పట్టుకుని, "పది లెక్కపెట్టండి సార్, గట్టిగా!" అన్నాను. ఎనిమిదికల్లా మెడ తిరిగింది. పక్కనున్న మేడమ్‌తో, "ఈ అమ్మాయిని వదలకండి" అన్నారు.

"కాళ్ళు పిసికే చదువు" అన్న నాన్నకి నువ్వే చెప్పు. ఆదివారం వస్తున్నాను. ఆయన ఆ నొప్పి మోకాలు ఇక నా దగ్గర దాచక్కర్లేదు. పది మాత్రం ఆయనే లెక్కపెట్టాలి, పక్కింటికి వినపడేలా.

నీ చెల్లెలు