గుర్రం వెనక్కి వచ్చిన రోజు

బాన్సువాడ,
12 ఫిబ్రవరి 2007.

చిరంజీవి అఖిలేశ్‌కు,

నీ అక్క సంగీత దీవించి రాస్తున్నది. అందరం కుశలం అని మొదలుపెట్టుడు అలవాటు కాబట్టి అట్లనే మొదలుపెడుతున్న. అమ్మ మోకాళ్లు తప్ప అందరం కుశలమే. నీ సంగతి మాత్రం నాకు ఊహ మీదనే నడుస్తున్నది. నాగపూర్‌లో ఎండలు మొదలైనయా, పొద్దుగూకినంక వండుకుంటున్నవా, హోటల్లో తింటున్నవా, ఏదీ తెల్వదు. ఆదివారం నువ్వు ఫోన్ చేస్తవు. నేను ఎత్తితే "అమ్మకియ్యి" అంటవు. మూడేండ్ల నుంచి నాకు నువ్వు చెప్పిన మాట ఆ ఒక్కటే.

ఫోన్‌లో అయితే నువ్వు పెట్టేస్తవు. ఉత్తరమైతే చింపే ముందన్నా ఒక చూపు చూస్తవని రాస్తున్న.

కాలువకు నీళ్లు విడిచిండ్రు. వర్ని రోడ్డుకు రెండు దిక్కుల నాట్లు అయిపోయినయి, బస్సులో పోతుంటే కండ్లు చల్లబడుతున్నయి. గౌస్ పాషా చాచా పంక్చర్ దుకాణానికి షట్టర్ పెట్టించిండు. చదరంగం గళ్లు గీసిన ఆ చెక్క ఇంకా బయటనే ఉన్నది. పిట్లం బస్సు ఎక్కాల్సినోళ్లు ఆటలో పడి బస్సు పోగొట్టుకునుడు, చాచాను తిట్టుడు, మళ్లీ కూసునుడు, అంతా పాత లెక్కనే. పోయిన వారం మద్నూర్ దిక్కుపోయే లారీ డ్రైవర్ ఒకాయన మరాఠీలో తిట్టుకుంట ఆడి ఓడిపోయిండట. చాచా మెల్లగ, "తిట్టు సమజ్ కాలే గనీ, దెబ్బ ఎక్కడ తగిలిందో సమజ్ అయింది భాయ్" అన్నడట.

అమ్మ నిన్ను తలుసుకోని దినం లేదు. మొన్న కూరగాయల అంగట్లో ఎవరో, "నీ కొడుకు ఇంకా దొంగాట ఆడుతుండా భూమవ్వా" అని ఎకసెక్కమాడిండ్రు. అమ్మ వంకాయలు ఏరుడు ఆపలేదట. "మావోనికి దొంగతనం చేతనైతే నాకీ పుచ్చు వంకాయలు ఏరే గతి ఎందుకు పడుతుండె" అన్నదట. అమ్మ నిన్ను ఎన్నడూ అడగలే. అడగాలన్న ఆలోచనే ఆమెకు రాలే. ఎమ్మే చదివి పిల్లలకు పాఠాలు చెప్పే నాకే వచ్చింది.

ఇగ అసలు సంగతికి వస్త. నాకు తప్పదు, చదువుడు నీకు తప్పుతదేమో.

2003 డిసెంబరులో హైదరాబాద్‌లో చదరంగం పోటీలల్ల నీ ఆఖరి ఆట నడుస్తున్నప్పుడు ఇక్కడ మేమెట్ల కూసున్నమో నీకు నేను సరిగ్గ ఎన్నడూ చెప్పలే. నువ్వు హాల్లో ఉన్నవు. చాచా కొడుకు సల్మాన్ సెల్‌ఫోన్ పట్టుకొని బయట వరండా కిటికీ కాడ ఉన్నడు. వాడు ఒక్కొక్క ఎత్తు చూసి దుకాణం ఫోన్‌కు చెప్తుండు, చాచా గట్టిగ ఒదురుతుండు, ఎప్పుడూ దుకాణం కాడనే ఉండే బ్రహ్మానందం సారు చెక్క మీద పావులు జరుపుతుండు. చుట్టూ ఎంతమందో. నేనూ అమ్మా, ఆమినా చాచీతో లోపలి గడప కాడ కూసున్నం. గెలిస్తే ఆటగాళ్ల కోటాలో ఆ ప్రభుత్వ కంపెనీ ఉద్యోగం ఖాయం. ఆ సంగతి అందరికీ తెలుసు. అమ్మ పల్లీలు ఒలుస్తున్నది, ఒలిచినయి ఎవరూ తింటలేరు.

మన దగ్గర ఆటంటే పది నోర్ల ఆట. నోరు మూసుకొని ఆడితే మనోళ్లు దాన్నే దొంగాట అంటరు. ఎదుటోని మంత్రి మీదికి పోతే "వజీర్ పైలం" అని చెప్పి పోవాలె. నువ్వు ఆ చెక్క మీదనే నేర్చినవు. అందుకే ఎంత పెద్ద ఆట ఆడినా ప్రతి ఎత్తుకు నీ పెదవులు కదులుతయి. నాకది ముద్దుగ ఉండేది. నీ ఎదురుగ కూసున్నాయనకు మాత్రం అది కిటికీలో ఉన్న ఫోన్‌తో మాట్లాడినట్టు కనిపించింది.

మధ్యలో ఒక కాడ ఆట చిక్కుబడ్డది. "వాళ్ల ఒంటె మన గుర్రం మీదికి వచ్చింది, ఏం ఆడాల్నో మనోడు సోచాయిస్తుండు" అని సల్మాన్ చెప్పిండు. ఇగ ఇక్కడ జాతరే. ఒంటెను కొట్టమని ఒకరు, బంటును అడ్డం పెట్టమని ఒకరు. బ్రహ్మానందం సారు గడ్డం గోక్కొని, "గుర్రాన్ని వెనక్కి తీస్కపోయి మొదటి వరసల పెట్టాలె" అన్నడు. అందరూ నవ్విండ్రు. "గెలుస్తున్న గుర్రాన్ని మళ్ల కొట్టంల కట్టేస్తవా సారూ" అని చాచా అన్నడు. ఇంకొంచెం సేపటికి ఫోన్ల సల్మాన్, "మనోడు గుర్రాన్ని మొదటి వరసకు తీస్కపోయిండు" అన్నడు. దుకాణం ఎగిరి గంతేసింది. సారును భుజాల మీదికి ఎత్తుకున్నరు. అక్కడి నుంచి ఆట నీ చేతిలోకి వచ్చింది, గెలిచినవు.

ఆ రోజు నేనూ నవ్విన. లోపల మాత్రం ఏదో ముల్లు దిగింది. ముందు ఇక్కడ అన్నరు, తర్వాత అక్కడ ఆడినవు. ఆ వరస నా చెవులతో విన్న.

మనోళ్లు ఊరుకోలే. ఆ ఎత్తు మాది అని సారు, కాదు మా దుకాణానిది అని చాచా, టీ కొట్లల్ల, బస్సులల్ల చెప్పిందే చెప్పుడు. పేపర్ల గూడ వచ్చింది, బాన్సువాడ బస్టాండు ఆలోచన హైదరాబాద్‌ల గెలిచిందని. ఆ పేపరు ముక్కనే నీ ఎదుటాయన పోటీల కమిటీ ముంగట పెట్టిండు. కమిటీ వాళ్లు సారుకు ఫోన్ చేసి ఇది నిజమేనా అని అడిగితే, సన్మానానికి అడుగుతున్నరనుకొని ఆయన, "నిజమే, నేనే చెప్పిన" అన్నడు. నిన్ను ముంచాలని ఇక్కడ ఒక్కరికీ లేదు. ముద్దు చేసి చేసి ముంచిండ్రు. నీ గెలుపు రద్దయింది, రెండేండ్లు ఆడొద్దన్నరు, ఉద్యోగం వెనక్కి పోయింది. పేపర్ల ఆ ముచ్చట పడ్డనాడే సల్మాన్ దుబాయి విమానం ఎక్కిండు. వాడు ముందే పోవాల్సి ఉండె, టికెటు ముందే తీసుకున్నడు, అయినా పారిపోయిండనే అన్నరు.

నువ్వు ఇంటికొచ్చిన రోజు నాకు మరుపు రాదు. అన్నం పెట్టిన. నువ్వు పప్పు కలుపుకుంటున్నవు. అప్పుడు అడిగిన, ఆ ఎత్తు నీదేనా అని. నువ్వు నా దిక్కు చూడలే. "నేను ఆడినంకనే వీళ్లకు తెలిసి ఉంటది" అన్నవు. లేదు, ముందే అన్నరు, నేను విన్న అన్న. "అమ్మ అడగమన్నదా?" అన్నవు. లేదన్న. "అయితే ఇది నీ సందేహమే" అన్నవు. అన్నం మొత్తం తిన్నవు, చెయ్యి కడుక్కున్నవు, నిజామాబాద్ బస్సు ఎన్ని గంటలకని అడిగినవు. అన్నం సగంలో విడిచి లేస్తే నేను కాళ్లావేళ్లా పడేదాన్ని. నువ్వు ఆ అవకాశం గూడ ఇయ్యలే.

పరీక్ష హాల్లల్ల తిరిగి తిరిగి నా చూపే అట్లయిందేమో. పిల్లవాడు కిటికీ దిక్కు చూస్తే ఆకాశం చూస్తుండని నాకు తట్టదు, బయట ఎవరున్నరో అనే తడుతది. ఎత్తుకొని పెంచిన తమ్ముణ్ని గూడ ఆ చూపుతోనే చూసిన. అవతలోళ్లు నిన్ను అనుమానించుడు వేరు. వాళ్లకు నువ్వొక నెంబరు, ఎదుటి కుర్చీ. నువ్వు బువ్వ తినకపోతే బుజ్జగించిన మనిషి అనుమానించుడు వేరు.

మొన్న శనివారం నేను బోర్డు పెట్టుకొని కూసున్న. నీ ఆట ఎత్తులన్నీ అప్పటి పేపర్ల ఉన్నయి కదా, ఒక్కొక్కటే ఆడుకుంట పోయిన. నాకు ఆట అంతంత మాత్రమే వచ్చు. అయినా ఆ గుర్రం కాడికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. చిన్నప్పుడు నువ్వు ఏ ఆటలో చిక్కినా ముందుకు ఉరుకకపోయేటోనివి. కబడ్డీలో గూడ అడుగు వెనక్కి వేసి పట్టేటోనివి. ఆ గుర్రం వెనక్కి వచ్చుడు నీ నడకే. బ్రహ్మానందం సారు ఊరికే వంద చెప్పేటోడు, అందులో ఒకటి తగిలింది, అంతే. ఎవరూ చెప్పకుంటనే నాకది అర్థమయింది. అర్థమై, బోర్డు ముంగట కూసొని చాలాసేపు ఏడ్సిన. అది నీ ఎత్తే, తమ్ముడూ. నేను నమ్ముతున్న.

ఈ ఉత్తరం రాసుడు ఎందుకంటే, చదరంగం సంఘంలో ఇప్పుడు కొత్త కమిటీ వచ్చింది. పాత తీర్పుల మీద ఫిర్యాదు ఉన్నోళ్లు ఈ నెలాఖరు లోపల దరఖాస్తు పెట్టుకోవాలె, స్వయంగ వచ్చి చెప్పుకోవాలె అన్నరు. నీ తరఫున ఇంకెవరు పెట్టినా చెల్లదట, నేను కనుక్కున్న. ఈ నెల దాటితే ఆ తీర్పు అట్లనే ఉండిపోతది, నీ పేరు పక్కన ఆ మాట అట్లనే ఉంటది. మళ్లీ ఆడాలన్న మనసు నీకు లేకపోవచ్చు. ఆడమని నేను అంటలేను. పేరు కోసం రా. నాగపూర్‌లో నువ్వు చదరంగం నేర్పే పిల్లల తల్లిదండ్రులు ఎప్పుడో ఒకనాడు నీ పేరు ఎక్కడో చదువుతరు. ఆ రోజు నువ్వు మళ్లీ చెయ్యి కడుక్కొని బస్సు అడుగొద్దు.

వస్తే మా ఇంట్ల దిగు. దిగబుద్ధి కాకపోతే చాచా ఇంట్ల దిగు, ఆమినా చాచీ నీ కోసం అర్ర ఊడ్పించి పెడతనన్నది. నేను హైదరాబాద్‌కు తోడు వస్త. వద్దంటే రాను.

అమ్మ దీవెనలు. పండ్లు తింటున్నవా అని అడగమన్నది.

నీ అక్క,
సంగీత

తా.క.: ఉత్తరం మడిచి కవరులో పెట్టిన. అంటించబుద్ధి కాలే. మళ్లీ విప్పి రాస్తున్న.

సల్మాన్ వచ్చిండు. దుబాయి నుంచి శుక్రవారమే వచ్చి, శనివారం పొద్దున మా ఇంటికి వచ్చిండు. చాయ్ చల్లారిపోయేదాకా ముట్టలే. తర్వాత చెప్పిండు. ఆ రోజు వాడు నీ ఎత్తులు చూసిన వెంటనే చెప్పకపోయేటోడట. ముందు ఎదుటాయన ఎత్తు చెప్పి, నువ్వు ఇంకా ఆలోచిస్తున్నవని చెప్పి, నువ్వు ఆడేసినంక గూడ ఫోన్ చెవిలో పెట్టుకొని మన దుకాణం లొల్లి వినేటోడట. ఇక్కడ ఎవరో ఒకరు సరిగ్గ నీ ఎత్తే అన్నంక, "అదే ఆడిండు" అని చెప్పేటోడట. "అంత దూరంల ఒక్కణ్నే నిలబడ్డ అక్కా, వాళ్లు ఖుషీ అయితుంటే నాకూ మనోళ్ల నడుమ ఉన్నట్టుండె" అన్నడు. సారు గుర్రం మాట అన్నప్పుడు నీ గుర్రం అప్పటికే మొదటి వరసలో ఉన్నదట. ఆ పేపరు సంగతి వాడికి దుబాయిలో చాలా దినాలకు తెలిసిందట. నోరు విప్పితే ఫోన్ వాడింది ఒప్పుకున్నట్టయి నీకు ఇంకా చెరుపు అయితదని భయపడ్డడట. కమిటీ ముంగటికి వచ్చి ఇదంతా చెప్తనన్నడు.

ఆ రోజు దుకాణంల వీళ్లు ముందే ఎట్ల అన్నరో నీకూ అంతుపట్టలే. నేను విన్న వరస నిజమే. జరిగిన వరస అది కాదు.

నేను బోర్డు పెట్టింది నిజం, కానీ సల్మాన్ పోయినంక పెట్టిన. గుర్రంలో నీ నడక కనిపించింది నిజం, కానీ అది నీదేనని తెలిసినంక కనిపించింది. ఎవరూ చెప్పకుంటనే అర్థమయిందని పైన రాసింది అబద్ధం. వాడు రాకపోయి ఉంటే నేను ఇప్పటికీ నమ్మకపోయేదాన్ని, తమ్ముడూ. వాని మాట కంటే ముందు నా నమ్మకం నీకు చేరాలని ఆశపడ్డ. అంతే.

సల్మాన్ మార్చి మొదట్లో మళ్లీ పోతుండు. వాని నెంబరు ఈ కాగితం వెనుక రాసిన. నాతో మాట్లాడకున్నా సరే, వానికి ఫోన్ చెయ్యి.