పట్టా ఉన్న ఇల్లు

నందిగామ, 1962

తహశీల్దారు గారికి నమస్కారాలు.

రోడ్డు వెడల్పు చేయడానికి పోరంబోకులో వేసుకున్న గుడిసెలన్నీ తీయించి, వాళ్లందరికీ ఊరి బయట ఇళ్లస్థలాలు ఇచ్చారు. మంచిదే, కాదనను. మా ఆయన కొన్న జాగాకు పట్టా ఉందని నా ఇల్లొక్కటే వదిలేశారు. అందరూ అదృష్టమంటున్నారు.

రోజూ తెల్లారగానే పక్కింటి జీవరత్నం పిడక పట్టుకొచ్చి, “పిన్నీ, కాస్త నిప్పియ్యవా?” అనేది. ఆ పిల్ల కోసమే రాత్రిపూట పొయ్యిలో నిప్పు కప్పి ఉంచేదాన్ని. ఇప్పుడూ కప్పుతూనే ఉన్నాను. అడిగేవాళ్లు లేక బూడిదైపోతోంది.

నా జాగా మీరే తీసుకుని, జీవరత్నం ఇంటి పక్కన నాకూ ఒక స్థలం ఇప్పించండి. రూలు ఒప్పుకోకపోతే, నేనూ ఆక్రమించుకునే ఉన్నానని రాసుకోండి. సంతకం పెడతాను.

ఇట్లు,
రోడ్డు పక్కన మిగిలిన ఇంటావిడ