అనంతగిరి ఈగ మీది శిలీంధ్రం

సుజాతా,

మన శిలీంధ్రం కొత్త జాతేనని సైన్సు పత్రికవాళ్లు ఒప్పుకున్నారు. నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పత్రికవాళ్ల కబురూ ఇవాళే వచ్చింది.

అనంతగిరి కాఫీ తోటలో నువ్వు పట్టిన ఈగ కాలి మీద, మైక్రోస్కోపులో తప్ప కనబడని గోధుమరంగు మొలకలు ఉన్నాయి. దుమ్మేమోనని నేనంటే, "దుమ్ముకి మెడుంటాదేటే? ఇది బతికున్న ఈగని పట్టుకుని బతికేది. కొత్తదే, రాసుకో" అన్నావు.

ఒక్క ఈగను చూసి కొత్త జాతి అనలేమని మన వ్యాసాన్ని వెనక్కి పంపారు. అప్పటికే నువ్వు లేవు. అందుకే మొన్న పళ్ల కోతల్లో నేనొక్కదాన్నే వెళ్లాను. కాఫీ తొక్కల కుప్ప దగ్గర వల విసురుతుంటే తోట మనిషి చిన్నమ్మి వచ్చి, "ఏటమ్మా, ఆ నవ్వే అమ్మ రాలేదేటి?" అని అడిగింది. చెప్పాను. ఆమె చీర కొంగు నడుముకి చుట్టుకుంది.

"ఇంకో వలుందేటి? ఇటియ్యి."

సాయంత్రందాకా ఇద్దరం పట్టాం. చాలా ఈగల కాళ్ల మీద అదే రంగు, అదే మెడ. ఇక నాకు ఏ అనుమానమూ లేకపోయింది.

జాతికి నీ పేరు పెడదామన్నారు మన గైడు సారు. నేను ఒప్పుకోలేదు. మన పేర్లెందుకు, దొరికిన చోటు పేరే పెడదామన్నది నువ్వే కదా. అనంతగిరి పేరే పెట్టాను.

వ్యాసంలో మొదటి పేరు నీదే. చనిపోయినవాళ్ల పేరు పక్కన చిన్న గుర్తు వేయాలన్నారు. దాన్ని ఇంకెవరినీ వేయనివ్వలేదు, నేనే వేశాను.

భారతి