పసుపు పెట్టే మూలలు

ఇబ్రహీంపట్నం, 1948, శ్రావణమాసం.

రజాకార్ల భయానికి పక్కింటి లచ్చమ్మక్క వాళ్లు బెజవాడ పోయినప్పటి నుంచి వాళ్ల శిస్తు కట్టేది, ఉత్తరాలు అందుకునేది నేనే. నేను రాసే ప్రతి ఉత్తరానికీ నాలుగు మూలలా పసుపు పెడతాను. అక్కకు చదువు రాదు. ఎవరితోనైనా చదివించుకునేలోపే ఆ పసుపు చూసి నిమ్మళపడుతుంది.

ఈ రోజు ఆమె పేరున కార్డు వచ్చింది. ఆమె తమ్ముణ్ణి రజాకార్లు కాల్చి చంపారట. నేను చదవగానే, చావు కబురు గడప దాటి రాకూడదని అమ్మ బయటే చింపేసింది.

శిస్తు కట్టానని రాశాను. తరువాత కలం కదల్లేదు.

"గంతవరకే రాసి పసుపు పెట్టు బిడ్డా. పరాయి ఊర్ల ఏడ్చి పడిపోతే ఆమెనెవరు పట్టుకుంటరు?" అంది అమ్మ.

"రేపు తెలిస్తే నా మొఖం చూస్తదానే?" అన్నాను.

మూడు మూలలకు పెట్టి, నాలుగో మూల దగ్గర ఆగాను. వేలికి ఇంకా పసుపు ఉంది...